ఎర్రబాతు విస్తరణ – ఒక పరిశీలన

ప్రతి ప్రాణికీ ప్రకృతి ఒక నెలవును ఏర్పరచింది. కొండలు, సముద్రాలు, ఎడారులు, శీతోష్ణస్థితులు ఆ నెలవుకు ఎల్లలుగా నిలుస్తాయి. అయితే ఈ ఎల్లలు శిలాశాసనాలు కావు. వానలు కురిసే తీరు మారినప్పుడు, కొత్త ఆహారం లభించినప్పుడు, మానవుడు కొత్త జలాశయాలను నిర్మించినప్పుడు పక్షులు తమ నెలవును విస్తరించుకొంటాయి. ఇటువంటి విస్తరణ ఎప్పుడు సహజం, ఎప్పుడు ప్రమాదకరం, ప్రమాదకరమైనప్పుడు మానవుని బాధ్యత ఏమిటి? ఈ ప్రశ్నలను ఒక చిన్న అడవిబాతు చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక సాహిత్య, చరిత్ర విద్యార్థులకు సైతం ఇందులో ఆలోచింపదగిన విషయం ఉన్నదని మా విశ్వాసం.

ఉర్దూలో నీటి పక్షిని 'ముర్గాబీ' అంటారు. 'ముర్గ్' అనగా పక్షి, 'ఆబ్' అనగా నీరు. నీరు ఉన్న చోటికి పోవడం దాని స్వభావమని ఆ పేరులోనే ధ్వనిస్తున్నది. కనుక ఒక బాతు కొత్త సరస్సును చేరినంత మాత్రాన అది అపరాధం కాదు. ముందుగా సహజ విస్తరణకు ఒక ఉదాహరణ చూద్దాం.

సహజ విస్తరణ

శీతకాలంలో కొల్లేరు మొదలైన మన జలాశయాలకు ఉత్తర దేశాల నుండి వచ్చే బాతులలో నల్ల చిలువ ఒకటి. మగపక్షి నల్లగా ఉండి, పక్కలు మాత్రం తెల్లగా ఉంటాయి. తల వెనుక చిన్న జుట్టుకుచ్చు వేలాడుతూ ఉంటుంది. ఇది నీటిలో మునిగి, అడుగున ఉన్న నత్తలను, ఆల్చిప్పల వంటి ప్రాణులను తింటుంది. బ్రిటన్‌లో ఇది గూడు కట్టినట్లు తొలిసారి నమోదైనది 1849 లో. అటుపిమ్మట కొన్ని దశాబ్దాలలోనే ఆ దేశమంతటా వ్యాపించింది.

దీనికి కారణాలు రెండు. మొదటిది ఆహారం. నల్లసముద్ర, కాస్పియన్ సముద్ర ప్రాంతాలకు చెందిన చారల ఆల్చిప్ప ఒకటి ఓడల రాకపోకల మూలంగా యూరపు నదులలో ప్రవేశించి, 1824 నాటికి లండన్ ఓడరేవులలో కనిపించింది. ఆ ఆల్చిప్ప వ్యాపించిన చోటికల్లా దానిని తినే బాతు కూడా వెళ్ళింది. రెండవది నీరు. పెరుగుతున్న నగరాలకు మంచినీటి జలాశయాలు అవసరమైనవి. కట్టడాల కోసం కంకర త్రవ్విన గుంటలు నీటితో నిండి చెరువులైనవి. మానవుడు తనకోసం చేసుకొన్న ఏర్పాట్లను ఈ బాతు తనకు అనుకూలంగా మలచుకొన్నది. ఇక్కడ గమనింపవలసినది ఏమనగా, ఈ బాతును ఎవరూ మోసుకొని రాలేదు. తన రెక్కల బలంతో తానే వచ్చింది. దాని రాకవలన మరొక బాతు జాతి అంతరించే స్థితి కూడా ఏర్పడలేదు.

ఎర్రబాతు పరిచయం

ఇక ప్రస్తుత విషయానికి వద్దాం. ఇంగ్లీషులో 'రడ్డీ డక్' అని పిలిచే బాతును ఈ వ్యాసంలో ఎర్రబాతు అని వ్యవహరిస్తాము. శీతకాలంలో మన దేశానికి వచ్చే బాపన బాతు వేరు, ఇది వేరు. ఎర్రబాతు స్వస్థలం ఉత్తర అమెరికా. కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రాల గడ్డిమైదానాలలోని చిన్న చిన్న గుంటలలో, రెల్లు పొదల నడుమ ఇది గూడు కడుతుంది. సంతానోత్పత్తి కాలంలో మగబాతు శరీరం ఇటుక రంగులోనూ, చెంపలు తెల్లగానూ, నెత్తి నల్లగానూ, ముక్కు నీలంగానూ ఉంటాయి. తోక ఈకలు బిరుసుగా నిలిచి ఉంటాయి. ఆడబాతును ఆకర్షించడానికి మగబాతు తన ముక్కుతో రొమ్మును టపటప కొట్టుకొంటుంది. అప్పుడు ఈకలలోని గాలి వెలువడి నీటిపై బుడగలు లేస్తాయి. కాళ్ళు శరీరానికి బాగా వెనుక భాగాన ఉండుటవలన ఇది నీటిలో నేర్పుగా మునుగుతుంది గాని, నేలమీద నడవడానికి ఎంతో కష్టపడుతుంది.

అమెరికా ఖండానికి చెందిన ఈ పక్షికీ, యూరపు ఖండానికీ మధ్య అట్లాంటిక్ మహాసముద్రం ఉన్నది. లక్షల సంవత్సరాలుగా ఆ సముద్రమే దానికి ఎల్ల. ఆ ఎల్లను దాటించినది మానవుడు.

ఏడు పక్షుల నుండి ఆరు వేలు

దక్షిణ ధ్రువ యాత్రలో ప్రాణాలు కోల్పోయిన కెప్టెన్ స్కాట్ పేరు చరిత్ర విద్యార్థులు వినే ఉంటారు. ఆయన కుమారుడు పీటర్ స్కాట్ చిత్రకారుడు, పక్షిశాస్త్రజ్ఞుడు. ఆయన 1946 లో ఇంగ్లండులోని సెవర్న్ నది ముఖద్వారం సమీపాన స్లింబ్రిడ్జ్ అనే గ్రామంలో నీటి పక్షుల రక్షణకై ఒక సంస్థను నెలకొల్పారు. 1961 లో ప్రపంచ వన్యప్రాణి నిధి స్థాపకులలో కూడా ఆయన ఒకరు.

స్లింబ్రిడ్జ్‌లో దేశదేశాల బాతులను తెచ్చి పెంచేవారు. 1948 లో అమెరికా నుండి కొన్ని ఎర్రబాతులను తెప్పించారు. అవి మొత్తం ఏడు. మరుసటి సంవత్సరమే అవి పిల్లలను చేసినవి. అటువంటి చోట్ల పుట్టిన పిల్లలకు చిన్నతనంలోనే ఒక రెక్క కొనను తొలగించడం ఆచారం. అలా చేసిన పక్షి ఎగరలేదు. కాని ఎర్రబాతు పిల్లలు తల్లి వెంట తిరుగుతూ, మనిషి అలికిడి కాగానే నీటిలో మునిగిపోతాయి. అన్నింటినీ పట్టుకొనుట సాధ్యం కాలేదు. రెక్కలు చెక్కుచెదరకుండా పెరిగిన పక్షులు ఒక్కొక్కటిగా ఎగిరిపోయినవి. 1950ల ఆరంభం నుండి 1970ల ఆరంభం వరకు ఈ విధంగా తప్పించుకొన్న పక్షులు సుమారు 70 అని అంచనా.

1960 లో సోమర్సెట్ ప్రాంతంలోని చ్యూ వ్యాలీ జలాశయంలో ఎర్రబాతులు స్వేచ్ఛగా గూడు కట్టి పిల్లలను చేసినవి. 2000 సంవత్సరం జనవరి నాటికి బ్రిటన్‌లో వాటి సంఖ్య సుమారు 6,000. విద్యార్థులు ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. డెబ్బైని ఆరుసార్లు రెట్టింపు చేస్తే 4,480 వస్తుంది. ఏడవసారి రెట్టింపు చేస్తే 8,960. అనగా నలభై ఏళ్ళలో ఈ జాతి ఆరేడు పర్యాయాలు రెట్టింపైనది. మొదటి కొన్ని రెట్టింపులు ఎవరి కంటికీ ఆనవు. చివరి రెండు రెట్టింపులే లోకాన్ని ఆశ్చర్యపరుస్తాయి. వడ్డీ లెక్కలోనూ ఇంతే, అంటువ్యాధి లెక్కలోనూ ఇంతే.

ఆ కాలంలో బ్రిటన్ ప్రజలు ఈ పక్షిని ప్రేమతోనే చూశారు. ఖాళీగా ఉన్న జలాశయాలకు అది ఒక కొత్త అందం తెచ్చింది. అక్కడి బాతులకు అది చేసిన హాని కూడా పెద్దగా కనిపించలేదు. హాని జరుగనున్న చోటు చాలా దూరాన ఉన్నది.

ఇరవై రెండు పక్షుల సరస్సు

స్పెయిన్ దేశపు దక్షిణ భాగంలో, ఉర్దూ చదివినవారికి 'ఖుర్తుబా' అన్న పేరుతో చిరపరిచితమైన కోర్డోబా ప్రాంతంలో, జొన్యార్ అనే చిన్న సరస్సు ఉన్నది. ఎర్రబాతుకు దాయాది అనదగిన తెల్లతల బాతుకు అది ఆశ్రయం. ఈ బాతు తల తెల్లన, ముక్కు నీలం, ముక్కు మొదలు ఉబ్బెత్తుగా ఉంటుంది. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా మొదలుకొని తుర్కీ, ఇరాన్, కజకిస్తాన్ వరకు దీని నెలవులు చెదురుమదురుగా ఉన్నవి. కొన్ని పక్షులు శీతకాలంలో పాకిస్తాన్ వరకు కూడా వస్తాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ప్రపంచం మొత్తంమీద ఇవి లక్ష వరకు ఉండి ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ. వేట మూలంగా, చెరువులను పూడ్చి పొలాలు చేయడం మూలంగా ఆ సంఖ్య దారుణంగా పడిపోయింది. 1977 లో స్పెయిన్ అంతటా లెక్కకు వచ్చినవి 22 పక్షులు మాత్రమే. అవన్నీ జొన్యార్ సరస్సులోనే ఉన్నవి.

అప్పుడు అక్కడి పక్షిప్రేమికులు, ప్రభుత్వాధికారులు మేల్కొన్నారు. వేటను నిలిపివేశారు. సరస్సులకు రక్షణ కల్పించారు. ఫలితంగా ఇరవై రెండు వందలైనవి, వందలు వేలైనవి. మానవుడు తన తప్పును తానే దిద్దుకొన్న సందర్భాలలో ఇది ఒకటి.

సరిగా ఈ సమయంలోనే, 1980ల తొలి భాగంలో, స్పెయిన్ సరస్సులలో ఎర్రబాతు కనిపించింది. బ్రిటన్‌లో పెరిగిన పక్షులు కొన్ని దక్షిణానికి ప్రయాణించి అక్కడికి చేరినవి. యూరపులోని ఎర్రబాతులన్నీ స్లింబ్రిడ్జ్ వద్ద పెంచిన కొద్ది పక్షుల సంతతేనని తరువాతి జన్యు పరిశోధనలు కూడా సూచించినవి. 1991 లో రెండు జాతుల కలయికవలన పుట్టిన సంకర పక్షులను స్పెయిన్‌లో గుర్తించారు.

సంకరంలో ఉన్న ప్రమాదం

గుర్రం, గాడిద కలిస్తే కంచరగాడిద పుడుతుంది. అది సాధారణంగా గొడ్డుది. కనుక ఆ కలయిక ఒక తరంతో ముగుస్తుంది. కాని ఎర్రబాతుకూ తెల్లతల బాతుకూ పుట్టిన సంకర సంతానం గొడ్డుది కాదు. ఆ సంతానం మళ్ళీ రెండు జాతులలో దేనితోనైనా జతకట్టి పిల్లలను కనగలదు. పైగా ఎర్రబాతు మగపక్షి దుడుకు స్వభావం కలది. ఒక ఆడపక్షితో స్థిరంగా ఉండక పలు పక్షుల వెంట పడుతుంది. ఎర్రబాతులు అధిక సంఖ్యలోనూ, తెల్లతల బాతులు అల్ప సంఖ్యలోనూ ఉన్నప్పుడు కొన్ని తరాలు గడిచేసరికి స్వచ్ఛమైన తెల్లతల బాతు అన్నదే మిగలదు. ఒక్క పక్షిని కూడా చంపకుండా, ఒక్క గూడును కూడా చెరపకుండా ఒక జాతి మరొక జాతిని లేకుండా చేయగలదు.

పాలను, నీటిని వేరు చేయగల శక్తి హంసకు ఉన్నదని మన కవుల భావన. దానినే క్షీరనీర న్యాయం అంటారు. కాని జన్యువులు కలిసిన పిమ్మట వాటిని వేరు చేయగల హంస లోకంలో లేదు. ఇది కేవలం ఊహ కాదనడానికి న్యూజిలాండ్ నిదర్శనం. వలసవచ్చిన ఆంగ్లేయులు వేట వినోదం కోసం ఆ దేశానికి మాలార్డ్ అనే బాతును తీసుకొని వెళ్ళారు. అక్కడి స్వదేశీ బూడిదరంగు బాతు దానితో కలిసిపోయింది. నేడు ఆ దేశంలో స్వచ్ఛమైన బూడిదరంగు బాతు అరుదైపోయింది.

కఠినమైన నిర్ణయం

సంకర పక్షులను, తమ దేశానికి వచ్చిన ఎర్రబాతులను స్పెయిన్ అధికారులు వెంటనే కాల్చివేయసాగారు. కాని ఊట ఆగనిదే మడుగును తోడి ప్రయోజనమేమి? ఊట బ్రిటన్‌లో ఉన్నది. బ్రిటిష్ ప్రభుత్వం ముందుగా వేర్వేరు పద్ధతులను పరీక్షింపజేసింది. గుడ్లను పొదగకుండా చేయడం, గూటివద్ద పట్టడం, కాల్చడం అన్న మూడింటిలో మొదటి రెండు పద్ధతులు అతి నిదానమైనవని తేలింది. చివరకు 2005 లో దేశమంతటా ఎర్రబాతులను నిర్మూలించే కార్యక్రమం ఆరంభమైనది. అప్పటికి అక్కడ నాలుగు వేలకు పైగా పక్షులు ఉన్నవి. శీతకాలంలో అవి కొద్ది జలాశయాలలోనే గుంపులు కూడటం ఈ పనిని సులభతరం చేసింది. పది సంవత్సరాలు తిరిగేసరికి వాటి సంఖ్య కొద్ది పదులకు పడిపోయింది. 2016 లో యూరపు సమాఖ్య ప్రకటించిన హానికర విదేశీ జాతుల తొలి జాబితాలో ఎర్రబాతు పేరు చేరింది. ఫ్రాన్సు వంటి దేశాలలో ఈ ప్రయత్నం 2020 తరువాత కూడా కొనసాగింది.

ఈ నిర్ణయంపై బ్రిటన్‌లో తీవ్రమైన వాదోపవాదాలు జరిగినవి. పక్షులను రక్షించే ప్రధాన సంఘాలు, స్లింబ్రిడ్జ్ సంస్థతో సహా, నిర్మూలనను సమర్థించడం అనేకులకు మింగుడు పడలేదు. వారి ఆక్షేపణలను తేలికగా త్రోసివేయరాదు. మొదటిది: పక్షి చేసిన నేరమేమి? దానిని తెచ్చినది మనిషి. రెండవది: జాతులు కలవడం, విడిపోవడం ప్రకృతి ధర్మమే కదా? మూడవది: ఒక జాతి ప్రాణం కోసం మరొక జాతి ప్రాణాలు తీసే అధికారం మనకు ఎవరిచ్చారు?

మొదటి ఆక్షేపణ పూర్తిగా న్యాయమైనది. పక్షి నిర్దోషి. దీనిని అంగీకరించకుండా ఈ విషయం మాట్లాడటం అన్యాయం. రెండవ దానికి మా సమాధానం ఇది: ప్రకృతి ఈ రెండు జాతులనూ కలపలేదు. మహాసముద్రాన్ని అడ్డుపెట్టి లక్షల సంవత్సరాలు విడిగా ఉంచింది. కలిపినది మనిషి. మూడవ ప్రశ్న అన్నింటికంటె బరువైనది. ఎర్రబాతు ఉత్తర అమెరికాలో లక్షల సంఖ్యలో క్షేమంగా ఉన్నది. బ్రిటన్‌లో లేకపోయినంత మాత్రాన ఆ జాతికి లోటు లేదు. తెల్లతల బాతు ఒకసారి పోతే తిరిగి రాదు. చేతులు ముడుచుకొని కూర్చొనుట కూడా ఒక నిర్ణయమే. దాని పర్యవసానాన్ని భరించవలసినది నోరులేని మరొక పక్షి. కనుక నిర్మూలన తప్పనిసరి అయినదని మేము భావిస్తున్నాము. కాని తప్పనిసరి అయిన పనికీ, గర్వింపదగిన పనికీ భేదం ఉన్నది. ఆ నాలుగు వేల పక్షులను ఘనవిజయంగా గాక, ఒక నిర్లక్ష్యానికి ఆలస్యంగా చెల్లించిన మూల్యంగా గుర్తుంచుకోవాలి.

పీటర్ స్కాట్ ఉద్దేశాన్ని శంకింపవలసిన పని లేదు. హవాయి దీవులలో 'నేనె' అనే పెద్దబాతు 1950 ప్రాంతంలో ముప్పై పక్షుల వరకు మాత్రమే మిగిలింది. ఆ జాతిని స్లింబ్రిడ్జ్‌లో పెంచి, 1962 లో మౌయి దీవిలో తిరిగి వదిలారు. నేడు ఆ పక్షి అక్కడ వేల సంఖ్యలో ఉన్నది. ఒకే ఆవరణ, ఒకే మనిషి, ఒకే దయాహృదయం. ఒక పక్షిని దాని ఇంటికి చేర్చినప్పుడు అది రక్షణ అయినది. మరొక పక్షి తనది కాని దేశంలోకి జారిపోయినప్పుడు అది విపత్తు అయినది. సదుద్దేశం మాత్రమే చాలదు, జాగ్రత్త కూడా అవసరమని ఇంతకంటె స్పష్టంగా చెప్పగల దృష్టాంతం అరుదు.

మనకు పాఠం

ఈ కథ ఎక్కడో పరదేశంలో జరిగినది, మనకేమి అనుకోరాదు. అలంకారం కోసం దక్షిణ అమెరికా నుండి మన దేశానికి తెచ్చిన గుర్రపుడెక్క నేడు కొల్లేరును, ఊరూరి చెరువులను కప్పివేస్తున్నది. ఇళ్ళలో అద్దపు తొట్టెలలో పెంచే విదేశీ చేప ఒకటి నీటి వనరులలో చేరి, 'డెవిల్ ఫిష్' అన్న పేరుతో ఆంధ్రదేశపు చేపల రైతులకు బెడదగా మారింది. ఇవి కావాలని చేసిన అపకారాలు కావు. పూవు అందంగా ఉన్నదని తెచ్చినవారు ఒకరు, పెంచలేక జాలితో చెరువులో వదిలినవారు మరొకరు. ఆ జాలి వెల ఎవరో ఒకరు చెల్లించవలసి వస్తున్నది.

అట్లని ప్రతి కొత్త పక్షినీ శత్రువుగా చూడటం కూడా అవివేకమే. నల్ల చిలువ తన రెక్కలమీద బ్రిటన్‌ను చేరింది, అక్కడి నీటిలో ఇమిడిపోయింది. కొత్తగా వచ్చిన ప్రాణి విషయంలో అడుగవలసిన ప్రశ్నలు రెండే. అది తానుగా వచ్చినదా, మనం తెచ్చినదా? దాని రాకవలన మరొక జాతి మనుగడకు ముప్పు ఉన్నదా? ఈ రెంటికీ సమాధానం తెలిసేవరకు పరిశీలన అవసరం. తెలిసిన పిమ్మట జాప్యం తగదు.

ఎర్రబాతుల నిర్మూలనతో తెల్లతల బాతు కష్టాలు తీరలేదని కూడా విద్యార్థులు గ్రహించాలి. కరువులవలన, సాగుకై నీటిని తోడివేయడంవలన దాని సరస్సులు ఎండిపోతున్నవి. ఆ జాతి ఇప్పటికీ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులలోనే లెక్కింపబడుతున్నది. సంకరం నుండి కాపాడిన పక్షికి ఉండటానికి నీరు లేకపోతే చేసిన పని అంతా వ్యర్థం.

ఏడు పక్షులు వచ్చిన నాడు జాగ్రత్త పడి ఉంటే కొన్ని గంటల శ్రమ సరిపోయేది. డెబ్బై తప్పించుకొన్న నాడు మేల్కొని ఉంటే కొన్ని నెలలు పట్టేది. ఆరు వేలైన పిమ్మట సంవత్సరాలు, ధనం, వేల ప్రాణాలు వ్యయమైనవి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మన పెద్దల మాట పిల్లల పెంపకానికే గాక ఇటువంటి వ్యవహారాలకు కూడా వర్తిస్తుంది. మా విద్యార్థులు రేపు అధికారులు, అధ్యాపకులు, రైతులు, వ్యాపారులు కానున్నారు. ఒక విత్తనాన్ని, ఒక చేపను, ఒక పక్షిని ఒక చోటినుండి మరొక చోటికి తరలించే సంతకం వారి చేతిమీదుగా జరుగవచ్చు. ఆనాడు స్లింబ్రిడ్జ్ నుండి ఎగిరిపోయిన బాతుపిల్లలు వారి జ్ఞాపకానికి వస్తే ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.